కలివికోడి కోసం వంక తిరిగిన కాలువ

పెనుగొలను: ఊరి పేరులోనే పెద్ద కొలను వుంది. పొలాలకు మాత్రం నీటి బెంగ తీరలేదు. గంపలగూడెం, తిరువూరు మండలాల మెట్ట పల్లెలన్నింటిదీ ఇదే వరస. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలు దాటి ఇక్కడికి వచ్చేసరికి సన్నబడిపోతుంది. పై రైతు తడుపుకోగా మిగిలిందే కింది రైతుకు దక్కుతుంది. అందుకే గోదావరి నీటిని చింతలపూడి ఎత్తిపోతల పథకం ద్వారా పశ్చిమ గోదావరి, కృష్ణా మెట్ట ప్రాంతాలకు తెస్తామన్న మాట 2008లో వినబడిన నాటి నుంచి ఇక్కడి రైతులు ఆ కాలువ కోసం ఎదురు చూస్తున్నారు.

ఇలా ఎదురు చూసే ఊళ్ళో అడవి గురించి, పిట్టల గురించి మాట్లాడితే వినేవారు తక్కువ. పిట్ట కోసం కాలువ ఆపుతారా అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఎండిన చేను చూసుకునే మనిషికి ముందు నీరు కావాలి. కానీ ఇదే ప్రశ్న ఇరవై ఏళ్ల క్రితం కడప జిల్లాలో నిజంగానే లేచింది. అక్కడ పిట్ట కోసం కాలువను ఆపలేదు. దాని దారిని మాత్రం మార్చారు. ఆ కథ మన మెట్ట రైతులు తెలుసుకోవలసినది.

86 ఏళ్లు కనబడని పిట్ట

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల మధ్య లంకమల కొండలు వున్నాయి. ఆ కొండల అడుగున రాళ్లు రప్పలు, ముళ్ల పొదలతో నిండిన నేల. కలివి, రేగు, తుమ్మ పొదలు అక్కడక్కడ గుబురుగా వుంటాయి. మధ్యలో ఖాళీ నేల వుంటుంది. మన వైపు వాక్కాయ అంటామే, ఆ జాతి పొదే కలివి. ఆ పొదల మాటున తిరిగే పక్షి కనుక ఊరివాళ్లు దానికి కలివికోడి అని పేరు పెట్టుకున్నారు.

పేరుకు కోడే గాని కోడి కాదు. జానెడు పైచిలుకు పొడవు వుండే పిట్ట. గోధుమ రంగు ఒళ్లు, పెద్ద కళ్లు, పొడుగు కాళ్లు. రొమ్ము మీద రెండు పట్టెడలు వేసుకున్నట్లు రెండు చారలు వుంటాయి. ఎగరడం కంటే పరుగెత్తడం దానికి ఇష్టం. పగలంతా పొదల నీడన నక్కి వుండి, చీకటి పడ్డాక బయటికి వచ్చి పురుగులు ఏరుకు తింటుంది. రాత్రి తిరిగే పిట్ట కనుక దాన్ని చూసినవారు బహు తక్కువ.

దీన్ని మొదట గుర్తించినది జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు. 1848లో ప్రపంచానికి దీని సంగతి తెలిసింది. ఆ తరువాత పెన్నా లోయలో నెల్లూరు, కడప, అనంతపురం వైపుల, గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల కొద్దిసార్లు కనబడినట్లు నాటి దొరలు రాసుకున్నారు. భద్రాచలం మనకు ఎంతో దూరం కాదు. అంటే ఒకప్పుడు మన పొరుగు అడవుల్లో కూడా ఈ పిట్ట తిరిగిందన్న మాట. గోదావరి లోయలో ఆ తరువాత దీన్ని చూసిన దాఖలా లేదు.

1900వ సంవత్సరంలో అనంతపురం ప్రాంతంలో చివరిసారి కనబడింది. ఆ పైన ఎవరికీ కనబడలేదు. వెదికినవారికి కూడా దొరకలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లోకి ఎక్కించారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మరొకసారి వెదకాలని నిర్ణయించారు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ వృద్ధాప్యంలో ఈ పిట్ట దొరకాలని ఎంతగానో కోరుకున్నారు. ఆ సంస్థ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చారు. ఆయన చేసిన తెలివైన పని ఒక్కటే. పుస్తకాలను పక్కన బెట్టి ఊరివాళ్లను అడిగారు. పిట్ట బొమ్మ చూపించి, పశువుల కాపరులను, వేటగాళ్లను విచారించారు. పుస్తకం లేదన్న పిట్టను వాళ్లు వెంటనే గుర్తుపట్టి పేరు కూడా చెప్పారు.

1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో ఈ పిట్టను ప్రాణాలతో పట్టుకున్నాడు. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. అయితే అదే ప్రాంతంలో మరికొన్ని తిరుగుతున్నట్లు ఆ తరువాత తేలింది. 86 ఏళ్ల తరువాత దొరికిన ఆ పిట్ట కడప జిల్లా పేరును దేశదేశాల పత్రికల్లోకి ఎక్కించింది. సలీం అలీ 1987లో కన్నుమూశారు. ఆ కబురు వినే భాగ్యం ఆయనకు దక్కింది. 1988లో తపాలా శాఖ కలివికోడి బొమ్మతో ఒక రూపాయి బిళ్ళ విడుదల చేసింది. ప్రభుత్వం లంకమల అడవిని శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది.

అటు గంగ, ఇటు పొద

అదే రోజుల్లో ఆ జిల్లా మీదుగా తెలుగుగంగ వస్తున్నది. మద్రాసు నగరం దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.ల కృష్ణా నీటిని ఇవ్వడానికి ఒప్పుకున్న పథకమది. 1983లో పనులు మొదలయ్యాయి. నీరు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా పోయి 1996లో తమిళనాడు సరిహద్దు చేరింది. మద్రాసు మాట ఎలా వున్నా, దారిలో వున్న రాయలసీమ, నెల్లూరు రైతులకు అది ప్రాణాధారం. మొత్తం మీద 5 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. బద్వేలు వైపు బీడు భూముల రైతుకు ఆ కాలువ మీద వున్న ఆశ, మన రైతుకు చింతలపూడి కాలువ మీద వున్న ఆశ కంటే ఏమీ తక్కువ కాదు.

ఈ కాలువల పనులు సాగుతూ సాగుతూ లంకమల అడుగున వున్న పొదల దాకా వచ్చాయి. ఇంజనీరు కంటికి అది ఉత్త బీడు. పంట లేదు, ఇల్లు లేదు, పెద్ద చెట్టు కూడా లేదు. భూసేకరణ ఖర్చు తక్కువ. కాలువకు ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది? మన దగ్గర కూడా పోరంబోకు, పొదల నేల కనబడగానే కాగితం మీద గీత అటే పోతుంది. కలివికోడికి మాత్రం వేరే నేల లేదు. పెద్ద అడవిలో అది వుండదు. దున్నిన చేలో కూడా వుండదు. పొద మరీ దట్టమైతే పరుగెత్తడానికి చోటు చాలదు, మరీ పలచనైతే దాక్కోవడానికి మాటు వుండదు.

2000 తరువాత ఈ పిట్ట మీద పరిశోధన జోరందుకుంది. పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టి పట్టెలు పరిచారు. రాత్రి పిట్ట దాని మీదుగా నడిస్తే పొద్దున్నే అడుగుల గుర్తులు కనబడతాయి. మనిషి లేకుండానే ఫొటో తీసే కెమేరాలు కట్టారు. పొద్దు గుంకిన తరువాత ముప్పావు గంటకో గంటకో పిట్ట కొద్దిసేపు మాత్రమే కూస్తుందని తెలుసుకుని, ఆ వేళకు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఇలా ఒక్కొక్క రాత్రి కూడగట్టి, పిట్ట ఏ పొదల్లో వుంటుందో, ఏ పొదల్లో వుండదో లెక్క గట్టారు.

2005 చివరిలో అదే పొదల నేలలో పొక్లెయిన్లు దిగాయి. అభయారణ్యం హద్దులో, అనుమతి లేకుండా కాలువ తవ్వకం మొదలైనట్లు పరిశోధకులు చూశారు. అటవీ శాఖవారు యంత్రాలను స్వాధీనం చేసుకున్నారు. తవ్విన మేరకు పొదలు అప్పటికే పోయాయి. వ్యవహారం పత్రికలకు ఎక్కి, చివరికి సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది.

అప్పుడు అందరూ అనుకున్నదేమంటే, ఇక కాలువ ఆగిపోయినట్లేనని. అలా జరగలేదు. కాలువను పిట్ట వుండే నేల తప్పించి పక్కగా మళ్ళించేందుకు దారి దొరికింది. ప్రభుత్వం ఒప్పుకుంది. అంతే గాక, పిట్ట కోసం దాదాపు 3 వేల ఎకరాల భూమిని అదనంగా సేకరించి రక్షణ కిందికి తెచ్చింది. మొదటి రోజే పరిశోధకుల లెక్కను ఇంజనీర్ల పటం మీద పెట్టి చూసి వుంటే ఆ గొడవ, ఆ కాలహరణం రెండూ వుండేవి కావు.

కాలువ మళ్ళినా తీరని చిక్కు

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పడానికి వీలు లేదు. కాలువ మళ్ళిన తరువాత కొన్నేళ్లకే కలివికోడి కనబడడం మానేసింది. ఏళ్ల తరబడి కెమేరాలో పడలేదు, చెవిన పడలేదు. మళ్ళీ అంతరించిందేమోనన్న అనుమానం వచ్చింది. 2025 ఆగస్టులో కడప జిల్లాలోనే ఒక రాత్రి పక్షుల పరిశీలకుల బృందం దాని కూతను విని రికార్డు చేసింది. దాదాపు పదిహేనేళ్ల నిశ్శబ్దం తరువాత వినబడిన కూత అది.

ఎందుకు తగ్గిందంటే కారణం ఒక్కటి కాదు. ఉపగ్రహం నుంచి తీసిన చిత్రాలను పోల్చి చూస్తే, 1991 నుంచి 2000 వరకు పదేళ్లలో ఆ ప్రాంతపు పొదల అడవి పదో వంతుకు పైగా తగ్గిపోయింది. పొదల నేల పొలాలుగా, నిమ్మ తోటలుగా మారింది. కాలువ నేరుగా పొదల్లో నుంచి పోకపోయినా, కాలువ వస్తున్నదన్న మాట వినబడగానే చుట్టూ భూమి ధర పెరిగి, బీడు దున్నకానికి వస్తుంది. మన ఊళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఇక్కడ విడ్డూరమైన సంగతి ఒకటి వుంది. ఊరి మేకలు, పశువులు మితంగా మేస్తూ, వంటకు కట్టెలు కొంత కొట్టుకుంటూ వున్నందువల్లే పొదలు మరీ దట్టం కాకుండా కలివికోడికి తగినట్లు వుండేవని పరిశోధకులు భావించారు. అంటే మనుషుల్ని, పశువుల్ని పూర్తిగా తరిమేసి కంచె వేస్తే పిట్ట బాగుపడుతుందన్న నమ్మకం కూడా లేదు. కాపరిని దొంగగా చూసే అటవీ శాఖకు ఇదొక పాఠమే.

బట్టమేక పిట్ట గతి

ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్ళపాడు సంగతి ఇంకొక రకం. అక్కడి గడ్డి నేలల్లో బట్టమేక పిట్ట వుండేది. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పిట్ట. ఎగరగల పక్షుల్లో బరువైన వాటిలో ఒకటి. 1988లో 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను దాని కోసం అభయారణ్యం చేశారు. కాలువ ఆ కంచె లోపలికి పోలేదు. కానీ పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది. కాలువల నీరు వచ్చింది. బట్టమేక పిట్ట కంచె లోపల మాత్రమే బతికే పక్షి కాదు. చుట్టుపక్కల వర్షాధారపు చేలలో మిడతలు, పురుగులు ఏరుకుని, బీడుల్లో తిరిగేది. నీరొచ్చి చేలు మారేసరికి దాని తిండి, దాని చోటు రెండూ పోయాయి. ఇప్పుడు రోళ్ళపాడులో ఆ పిట్ట కనబడడం లేదు.

నీరు రావడం తప్పని ఎవరూ అనరు. వర్షం మీద ఆధారపడిన చేనుకు నీరొచ్చింది, రైతు నాలుగు రూపాయలు చూశాడు. అయితే కాలువ దారి మార్చినంత మాత్రాన పని అయిపోదని రోళ్ళపాడు చెబుతున్నది. నీరు ఎక్కడ పారుతుందో, ఆ నీటితో ఏ పంట వస్తుందో, ఏ బీడును బీడుగానే వుంచాలో ముందే ఆలోచించవలసి వుంటుంది. ఆ ఆలోచన ఏ ప్రాజెక్టు నివేదికలోనూ సరిగా కనబడదు. ఎన్ని ఎకరాల ఆయకట్టు, ఎన్ని టి.ఎం.సి.ల నీరు అన్నదే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వుంటుంది.

గండి ఒక్కటే కాదు

కాలువ తవ్వకం అంటే గండి తవ్వడం ఒక్కటే అనుకుంటాం. తవ్విన మట్టి ఎక్కడో పోయాలి. గట్లు వేయడానికి కావలసిన మంచి మట్టి మరొక చోట నుంచి తేవాలి. గ్రావెల్ కోసం గుట్ట తవ్వాలి. టిప్పర్లకు దారి వేయాలి. కూలీల గుడిసెలు వెలుస్తాయి, వంటకట్టెలకు చుట్టుపక్కల పొదలే దిక్కు. రాయి తగిలిన చోట మందు పెట్టి పేలుస్తారు. కాలువ వెడల్పు ఎంతో, దాని చుట్టూ చెదిరే నేల అంతకు రెండింతలు మూడింతలు వుంటుంది.

మట్టి సంగతి చిన్నది కాదు. పోలవరం ప్రాజెక్టు తవ్వకపు మట్టిని మూలలంక రైతుల భూముల్లో పోశారన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అడవి జంతువుకు ఎదురయ్యే కష్టమే అక్కడ రైతుకు కూడా ఎదురైంది. మట్టి కుప్పలు వాగుకు అడ్డంగా పడితే మొదటి వానకే నీరు పొలాల మీదికి తిరుగుతుంది. కట్టలేరు వంటి వాగులు, వాటిలో కలిసే చిన్న చిన్న వంకలు వున్న మన ప్రాంతంలో ఈ ప్రమాదం ఎక్కువ. వాన రోజుల్లో ఏ వంక ఎక్కడ పొంగుతుందో వేసవిలో వచ్చి సర్వే చేసే వారికి కనబడదు. ఊళ్ళో అరవై ఏళ్ల మనిషిని అడిగితే వేలు పెట్టి చూపిస్తాడు.

నీరు పారడం మొదలైన తరువాత మరొక కష్టం వుంది. పూర్వం మట్టి కాలువలో పడిన పశువు ఏదో ఒక చోట గట్టు పట్టుకుని పైకి వచ్చేది. ఇప్పుడు సిమెంటు లైనింగు వేస్తున్నారు. నీరు ఇంకిపోకుండా చివరి రైతు దాకా రావడానికి అది మంచిదే. కానీ ఆ నున్నటి ఏటవాలు మీద గిట్ట నిలవదు. నీళ్లకు దిగిన జింక, కుందేలు, దూడ పైకి రాలేక కొట్టుకుపోతాయి. ఒక్కోసారి పశువులు కడుక్కోవడానికి దిగిన మనిషి గతి కూడా అంతే. దీనికి మందు ఖరీదైనది కాదు. కొంత కొంత దూరాన గరుకుగా మెట్లో, వాలుగా రాతి దారో కట్టి వదిలితే చాలు. రెండు పక్కలా అడవి వున్న చోట కాలువ మీద మట్టి పరిచిన వెడల్పాటి వంతెన వేస్తే జంతువులు దాటిపోతాయి. ఇవి నకలు పటంలో వున్నప్పుడే అడగాలి. లైనింగు అయిపోయాక అడిగితే ఏ కాంట్రాక్టరూ వినడు.

అడవిని కాపాడాలన్న పట్టుదలకు కూడా ఖరీదు వుంటుందని చెప్పుకోవాలి. శ్రీశైలం నుంచి నల్లగొండకు నీరు తీసుకుపోయే ఎడమ గట్టు సొరంగం దాదాపు 44 కిలోమీటర్ల పొడవు. పైన పులుల అడవి వున్నందున మధ్యలో ఎక్కడా దారి తవ్వకుండా రెండు చివరల నుంచే తొలుస్తూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి 8 మంది చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. పులిని కాపాడినందువల్లే అలా జరిగిందని అనడం తొందరపాటు. లోపలి రాయి, వచ్చే ఊట సంగతి ముందుగా తెలుసుకోవడం, పనివాళ్ల భద్రత వేరే లెక్క. అయితే అడవి పేరు చెప్పి ఒక పద్ధతిని ఎంచుకున్నప్పుడు, ఆ పద్ధతిలో పనిచేసే మనిషి ప్రాణానికి ఎవరు పూచీ అన్నది కూడా అదే రోజు తేల్చుకోవలసిన విషయం.

చింతలపూడి దగ్గర ఆగిన ముడి

ఇక మన ప్రాంతానికి వస్తే, చింతలపూడి ఎత్తిపోతల పథకం 2008లో మొదలై ఇప్పటికీ పూర్తి కాలేదు. నిధులు, భూసేకరణ, నష్టపరిహారం, ఇలా చిక్కులు చాలానే వున్నాయి. వాటికి తోడు పర్యావరణ అనుమతుల గొడవ వచ్చింది. అవసరమైన అనుమతులు లేకుండా పనులు చేశారన్న కారణం మీద 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ పథకం విషయంలో, గోదావరి మీది మరికొన్ని పథకాల విషయంలో రాష్ట్ర ప్రభుత్వానికి భారీ జరిమానా వేసింది. ప్రభుత్వం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

పర్యావరణం పేరు చెప్పి నీళ్లు ఆపుతున్నారని ఊళ్లలో కోపం వుంది. కడప సంగతి తెలిసినవారు ఆ కోపాన్ని కాస్త పక్కకు తిప్పవలసి వుంటుంది. అక్కడ కాలువకు అడ్డం వచ్చింది కలివికోడి కాదు. అడగకుండా తవ్వడం అడ్డం వచ్చింది. అనుమతి ముందుగా తీసుకుని, పిట్ట వున్న చోటు చూసుకుని, పటం మీద గీతను కొద్దిగా వంచి వుంటే 2005లోనే ఆ పని నిర్విఘ్నంగా సాగేది. అనుమతులు ఎగ్గొట్టి తొందరగా పని ముగిద్దామనుకున్న ప్రతిచోటా కోర్టు మెట్లెక్కి ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఖర్చు పడేది అధికారి మీద కాదు, కాంట్రాక్టరు మీద కాదు. కాలువ చివర పొలం వున్నవాడి మీద.

సభకు వెళ్లేవారు అడగవలసినవి

2006 నుంచి అమలులో వున్న కేంద్ర నిబంధనల ప్రకారం పెద్ద నీటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఆ సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. జిల్లా కలెక్టరు గాని, ఆయన తరఫున అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గాని సభను నడపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా తయారుచేసి కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు వంటి చోట్ల ప్రజలు చూసుకునేటట్లు వుంచాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్లే లెక్క. కనుక ఊరు కదిలి వెళ్లకపోతే ఊరి మాట లేకుండానే కాగితం ముందుకు పోతుంది. సభలో లేచిన అభ్యంతరాలన్నీ రాసి, చివరలో స్థానిక భాషలోనే అందరికీ చదివి వినిపించాలి. చదవకుండా లేచిపోతుంటే ఆపి అడిగే హక్కు సభలో వున్న ప్రతివారికీ వుంది.

ఇటువంటి సభల్లో సాధారణంగా నష్టపరిహారం ఒక్కటే చర్చకు వస్తుంది. భూమి పోయేవారికి అది న్యాయమే. దానితోపాటు అడగవలసినవి మరికొన్ని వున్నాయి. కాలువ ఏ పోరంబోకు, ఏ గుట్ట మీదుగా పోతుంది, అక్కడ ఏ జంతువులు, ఏ పిట్టలు వున్నాయని ఎవరు ఏ నెలలో చూశారు? ఎండాకాలంలో రెండు రోజులు పగటిపూట తిరిగి రాసిన జాబితా లెక్కలోకి రాదు. కలివికోడి వంటి రాత్రి పిట్ట పగలు వచ్చినవారికి కనబడదు. వానాకాలపు పిట్ట ఎండాకాలంలో కనబడదు. మట్టి ఎక్కడ పోస్తారు, గ్రావెల్ ఏ గుట్ట నుంచి తెస్తారు, పని అయ్యాక ఆ గుంటలను పూడుస్తారా, చెరువులుగా వదులుతారా? వంకలు దాటే చోట తూము కడతారా, కల్వర్టు కడతారా, దాని వెడల్పు ఎంత? పశువులు, అడవి జంతువులు ఎక్కి రావడానికి మెట్లు ఎంతెంత దూరాన పెడతారు? కొట్టివేసే చెట్ల బదులు నాటేవి ఎక్కడ నాటుతారు, ఎవరు నీళ్లు పోస్తారు?

నెమళ్లు చేలో పడి విత్తనాలు తింటున్నాయని, అడవి పందులు మొక్కజొన్న తొక్కుతున్నాయని తిట్టుకునే రైతు కూడా ఈ ప్రశ్నల్లో తన ప్రయోజనం చూసుకోవచ్చు. గుట్ట చదును చేసి, పొద నరికి, వంక పూడ్చిన తరువాత ఆ పందులు పోయే చోటు చేనే. వాటికి వున్న చోటు వాటికి వదిలితే చేనుకు కాస్త తెరపి దొరుకుతుంది. తిరువూరు, గంపలగూడెం మండలాల్లో మామిడి తోటల పక్కన వున్న పొదల గుట్టలు ఎన్ని మిగిలాయో లెక్క పెట్టడానికి కలెక్టరు కార్యాలయం దాకా పోనక్కరలేదు. కాపరి పిల్లలకు వాటన్నింటి పేర్లూ తెలుసు. ఆ పేర్లు రాసి, పంచాయతీ తీర్మానం చేసి, ప్రాజెక్టు సర్వే చేసే ఇంజనీరు చేతికి ముందుగానే ఇవ్వడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.